మాణిక్యమ్మ ఇంట్లో ఆది జాకెట్టు

నాకు దెయ్యాల మీద ఎప్పుడూ నమ్మకం లేదు. నాకున్నదల్లా బతికున్న మనుషుల మీద అనుమానం. ఈ సంగతి ముందే చెప్పేస్తే మంచిది.

మా మల్కాపురంలో పాత క్వార్టర్స్ పక్క సందులో తెల్లచీర కట్టుకున్న ఆడమనిషి కనబడుతుందని జనం చెప్పుకుంటే, ఆ చీరకి ఫాల్ కుట్టారో లేదో చూశారా అని అడిగేదాన్ని. నేను లేడీస్ టైలర్ని. పేరు నాగమణి. పదహారేళ్ళుగా జాకెట్లు కుడుతున్నాను. మనిషి నోటిమాట కంటే ఒంటి కొలతనే ఎక్కువ నమ్ముతాను.

ఇంకోటి కూడా దాచను. నాకు ఈర్ష్య ఎక్కువ. మా ఆయన పక్కింటావిడకి గ్యాస్ బండ లోపల పెట్టి వచ్చినా రెండు రోజులు ముఖం మాడ్చుకుని తిరుగుతాను. అది తప్పని తెలుసు. తెలిసీ మానలేను.

మా ఆయన పేరు సింహాచలం. పోర్టులో క్రేన్ నడుపుతాడు. తగరపువలస దగ్గర పల్లెలో మా పెద్ద మావయ్య కొడుకు, అంటే నాకు మేనబావ. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ చూస్తున్న మనిషి. ఆయన ఎడమ కనుబొమ్మ మీద ఉన్న గాటు నా చిన్నప్పుడు నేను విసిరిన రాయి పుణ్యమే. బావ మంచివాడు. కానీ మాట్లాడడు, నవ్వడు. అంత ఎత్తున కేబిన్‌లో ఒక్కడే కూర్చుని కూర్చుని మాట మర్చిపోయాడని మా అమ్మ అంటుంది. పెళ్ళికి ముందు కూడా అంతేనని నాకు తెలుసు.

పోయిన కార్తీకమాసం మొదట్లో బావ మా ఇంటి మెట్ల మీద జారి కుడికాలు విరగ్గొట్టుకున్నాడు. నలభై రోజులు కట్టుతో మంచం మీదే ఉన్నాడు. కట్టు విప్పాక రోజూ నెమ్మదిగా నడవమన్నారు డాక్టరు గారు. మళ్ళీ డ్యూటీలో చేరడానికి ఇంకా వారం ఉంది. అప్పుడు నేను నా కోరిక బయటపెట్టాను.

ఫోన్‌లో చూస్తుంటాను కదా, మొగుడూ పెళ్ళాం చెయ్యీ చెయ్యీ పట్టుకుని పాత ఊళ్ళలో రాళ్ళు పరిచిన వీధుల్లో తిరగడం, ఏ తొందరా లేకుండా ఎక్కడ పడితే అక్కడ ఆగి టీ తాగడం. పాండిచ్చేరి వెళ్దామన్నాను. పెళ్ళయి పదిహేనేళ్ళు, ఒక్క ఊరు చూపించలేదన్నాను.

"పాత ఈదులు మన వన్ టౌన్లో నేవేటి? ట్రైనెక్కి ఎల్లి మరీ సూడాలా?" అన్నాడు బావ.

కోపం వచ్చింది గానీ, మొత్తానికి తీసుకెళ్తానన్నాడు కదా అని ఊరుకున్నాను. మా పాపని అమ్మ దగ్గర దింపి, వన్ టౌన్‌లో ఒక లాడ్జిలో నాలుగు రోజులకి గది తీసుకున్నాం. మల్కాపురం నుంచి పక్కనే ఉన్న వన్ టౌన్‌కి టూరు వెళ్తున్నారట అని మా వీధంతా నవ్వింది. నాకేం సిగ్గనిపించలేదు.

మొదటి రోజు ఒక పూట నిజంగా బాగుంది. ఇన్నేళ్ళూ సామాన్ల కోసం పరుగున వచ్చి పరుగున పోయిన ఊరే అది. ఇప్పుడు బావ కాలు వల్ల మెల్లగా నడవాల్సి వచ్చింది. దొరల కాలం నాటి రాణీబొమ్మ దగ్గర నిలబడి ఆ బొమ్మ గౌను కుచ్చుళ్ళు లెక్కపెట్టాను. పాత ఇళ్ళ చెక్క బాల్కనీలు, రాతి టౌన్ హాలు, సముద్రపు గాలికి రంగు పోయిన గోడలు. కొండ మీద చర్చి దగ్గరికి ఆగి ఆగి ఎక్కాం. కింద పోర్టు చానల్లోకి ఓడ ఒకటి వస్తోంది.

"బొగ్గు," అన్నాడు బావ ఓడని చూసి.

పొద్దుట్నుంచీ తనంతట తాను మాట్లాడిన మొదటి మాట అదే. సరే, మా సరసం ఇలాగే ఉంటుంది అనుకుని నవ్వుకున్నాను.

కొండ దిగాక టీ కొట్టు దగ్గర ఆగాం. మేం అడగకముందే కొట్టతను రెండు గ్లాసులు పెట్టి, ఒకదాంట్లో పంచదార వెయ్యకుండా పోశాడు. అప్పుడు నన్ను చూసి చెయ్యి ఆపాడు.

"ఈసారి మేడంగారు రానేదేటి సార్?" అన్నాడు బావతో.

"ఏ మేడమూ?"

"అదే సార్, సెక్కర నేకుండా తాగుతారు కదా."

బావ నన్ను చూశాడు. కొట్టతనూ నన్ను చూశాడు. చూసి నోరు మూసుకుని గ్లాసులు కడగడం మొదలుపెట్టాడు. అతను అలా నోరు మూసుకోవడమే నాకు నచ్చలేదు. మనిషిని పోలిన మనిషి ఉంటాడు కదే అన్నాడు బావ. నేనూ సరేనన్నాను. ఆ పూట భోజనంలో మాత్రం నాకు రుచి తెలియలేదు.

రెండో రోజు పొద్దున్న కురుపాం మార్కెట్‌లో గాజులు తీసుకుందామని ఒక కొట్టు ముందు కూర్చున్నాను. గాజులతను బావని చూసి పలకరింపుగా తల ఊపాడు. నా చేతికి ఒక డజను తీసి, మళ్ళీ తనే వెనక్కి పెట్టేశాడు. "ఇవి టూ-ఫోరు. ఆవిడవి. మీకు టూ-సిక్స్ పడతాది," అన్నాడు.

ఎవరావిడ అన్నాను. గాజులతను టీ కొట్టతనంత తెలివైనవాడు కాదు. పోయినసారి సారు ఒకావిడని తీసుకొచ్చారని, సన్నగా పొడుగ్గా ఉందని, తనని ముట్టుకోనివ్వకుండా ఆవిడ చేతికి సారే స్వయంగా గాజులు తొడిగారని, డజనులో ఒక్కటి కూడా పగల్లేదని మురిసిపోతూ చెప్పాడు. ఈ మనిషేనా అని బావని చూపించి అడిగాను. కనుబొమ్మ మీద గాటు కూడా ఉందన్నాడు.

బావ నాకు ఎప్పుడూ గాజులు తొడగలేదు. మా పెళ్ళిలో కాలిమెట్టె తొడగడానికే పురోహితుడు నాలుగుసార్లు చెప్పాల్సి వచ్చింది.

బురుజుపేట గుడి దగ్గరికి వెళ్ళేసరికి అక్కడా అదే. అమ్మవారికి పసుపూ కుంకుమా మన చేత్తో మనమే వెయ్యొచ్చు, అందుకే నాకు ఆ గుడంటే ఇష్టం. పూలు కొందామని ఆగితే, పూలమ్మే ఆవిడ మల్లెలు పక్కకు తోసి రెండు మూరల కనకాంబరాలు కొలిచి బావ చేతికి ఇచ్చింది. "నువ్వే ఎడతావు కదా బాబూ తల్లో," అంది. తర్వాత నన్ను చూసి, "ఓలమ్మా!" అని చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. ఆరోజు పసుపు కుంకుమలు అమ్మవారి మీద ఎలా వేశానో నాకు గుర్తులేదు.

లాడ్జి గదిలో గొడవ పెట్టాను. ఎవరది, ఎప్పటినుంచి, నాకు ఎందుకు చెప్పలేదు అని అరిచాను. బావ మంచం మీద కాలు చాపుకుని కూర్చుని, "నాను రానేదే. మా అమ్మ మీద ఒట్టే," అన్నాడు.

"మీ అమ్మ నాకూ అత్తే. ఆవిడ ఆయుష్షుతో ఆడుకోకు," అన్నాను.

బావ ఇంటికి పోదామన్నాడు. పోనన్నాను. మిగతా రెండు రోజులూ తిరగాలి, ఎక్కడెక్కడ ఎవరెవరు ఏం చెప్తారో అంతా వినాలి అన్నాను. పుండు గోక్కోవడం అంటే ఇదే.

మూడో రోజు మధ్యాహ్నం లాడ్జివాళ్ళు చెబితే ఒక ఇంటికి భోజనానికి వెళ్ళాం. మార్కెట్ వెనక సందులో మాణిక్యమ్మ అనే ఆవిడ ఇంటి అరుగు మీద రోజూ పదిమందికి వండి పెడుతుంది. డెబ్భై ఏళ్ళుంటాయి. నేను ఆ సందులోకి వెళ్ళడం అదే మొదటిసారి. బావా అలాగే చెప్పాడు.

గుమ్మం ఎక్కుతుండగానే, "ఏటి సింహాచలం బాబూ, కుంటతన్నావేటి? అప్పుడు బాగానే నడిసినావు కదా," అంది మాణిక్యమ్మ.

పేరు పెట్టి పిలిచింది. లాడ్జివాళ్ళు మా పేర్లేమీ చెప్పలేదని తర్వాత కనుక్కున్నాను కూడా.

"ఇంతకీ నువ్వెవులమ్మా?" అంది నాతో.

"ఈయన పెళ్ళాన్ని," అన్నాను. గట్టిగానే అన్నాను.

మాణిక్యమ్మ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. లోపలికి వెళ్ళి కుంకుమభరిణె, పసుపు, ఒక జాకెట్టు ముక్క తెచ్చింది. మా వైపు పద్ధతే అది. పుణ్యస్త్రీ మొదటిసారి గడప తొక్కితే బొట్టు పెట్టి జాకెట్టు ముక్క పెట్టకుండా పంపరు. మాణిక్యమ్మ నా నుదుట బొట్టు పెట్టింది.

"ఒక్క మొగోడి పక్కన కూకున్న ఇద్దరికి బొట్టెట్టినాను. నాకేటి తెలుసమ్మా. నా తప్పు కాదు," అంది.

ఎప్పుడు వచ్చారని అడిగాను. నాగులచవితి రోజని వెంటనే చెప్పింది. తను పుట్టలో పాలు పోసి వచ్చేసరికి ఇద్దరూ అరుగు మీద కూర్చుని ఉన్నారట.

నాగులచవితి రోజు నేను పుట్టమన్ను తెచ్చి బావ రెండు చెవులకీ రాశాను. మంచం మీదే రాశాను, ఎందుకంటే అప్పటికి కట్టు వేసి నాలుగు రోజులే అయింది, లేచి కూర్చోవడానికి కూడా నేనే పట్టుకోవాలి. ఆ నలభై రోజులూ ఆయనకి ఒంటికీ రెంటికీ అందించింది నేను. కాబట్టి బావ రాలేదు. ఇది ఎవరూ నాకు చెప్పక్కర్లేదు.

ఇంకెవరైనా అయితే అక్కడితో గుండె మీంచి బరువు దిగేది. నాకు దిగలేదు.

ఆ వచ్చినావిడ తనకి పెట్టిన జాకెట్టు ముక్క అక్కడే ఉంచేసిందట. సందు చివర టైలరు చేత కుట్టించి ఉంచమని, మర్నాడు వచ్చి ఆది కూడా ఇచ్చి వెళ్ళిందట. ఈలోగా టైలరు కొట్టెత్తేసి వెళ్ళిపోయాడు. మాణిక్యమ్మ ఒక సంచీ తెచ్చి నా ముందు పెట్టింది. ఆకుపచ్చ జాకెట్టు ముక్క, దాని కింద మడత పెట్టిన పాత జాకెట్టు.

ఆది జాకెట్టు అంటే కొలతకిచ్చే జాకెట్టు. ఒంటికి సరిగ్గా పట్టినదే ఇస్తారు. దాన్ని చేతిలోకి తీసుకుంటే నాకు మనిషి కనబడుతుంది. ఛాతీ ముప్ఫై రెండు. నాది ముప్ఫై ఎనిమిది, దాచుకోవడానికేముంది. కుడి భుజం కాస్త జారుడు. మెడ వెనక కొబ్బరినూనె మరక. చంకల కింద రంగు వెలిసింది. ఒక హుక్కు ఊడితే తెల్లదారంతో కుట్టుకుంది. దెయ్యానికి చెమట పడుతుందా? హుక్కు ఊడుతుందా?

లోపలికి తిప్పి చూశాను. పక్క కుట్లు రెండుసార్లు విప్పి వదులు చేసిన గుర్తులున్నాయి. అంటే ఈ మధ్య కొంచెం ఒళ్ళు చేసింది. సుఖంగా తింటోంది. ఎవరో ఆవిడకి కొసరి కొసరి పెడుతున్నారు. ఆ సూది రంధ్రాలు చూస్తుంటే నాకు కళ్ళు మండిపోయాయి.

"ఎలా ఉండేవాడు ఈయన, ఆవిడతో?" అని అడిగాను.

"సేప ముల్లు తీసి ఆయమ్మ ఆకులో ఎట్టేవోడు," అంది మాణిక్యమ్మ. "కబుర్లే కబుర్లు. నవ్వుతానే ఉన్నాడు. ఆడి నవ్వుకి ఈ సందులో పిల్లగుంటలంతా వచ్చి నిలబడిపోనారు. ఆయమ్మా నీలాగే బావా అంటాది."

బావ అన్నంలోంచి చెయ్యి తీసి, "ఏటి సెప్పినాను నాను, అంత నవ్వొచ్చీలాగ?" అని మాణిక్యమ్మనే అడిగాడు. పాపం ఆయన నిజంగానే తెలుసుకోవాలనుకున్నాడు.

నాకు బావ మీద అనుమానం పోయింది. దాని చోట్లోకి వచ్చింది మాత్రం అంతకంటే పెద్దది. ఆ మగాడెవరో గానీ, మా బావ ముఖంతో, మా బావ పేరుతో, నేను చేసిన గాటుతో, నాకు పదిహేనేళ్ళుగా దొరకనిదంతా ఇంకొకావిడకి ఇస్తున్నాడు. ఆవిడని నేను మనసులో సవతి అనే పిలవడం మొదలుపెట్టాను. సవతి అన్న మాటకి ఆవిడకంటే తగినవాళ్ళెవరూ లేరనిపించింది.

ఈ జాకెట్టు నేను కుట్టి తెస్తానని మాణిక్యమ్మతో అన్నాను.

"నీకెందుకే?" అన్నాడు బావ.

"నా పనే కదా," అన్నాను.

నాలుగో రోజు జాలరిపేట దాకా నడిచాం, బావ ముందూ నేను వెనకా. పడవలు ఒడ్డుకి వస్తున్నాయి. చేపలమ్మే ఆడవాళ్ళు మమ్మల్ని చూసి ఏం అంటారోనని కొంగు ముఖానికి అడ్డం పెట్టుకున్నాను. సాయంత్రం గది ఖాళీ చేసి ఇంటికి వచ్చేశాం. మా విహారం అలా ముగిసింది.

మర్నాడు మిషను ముందు కూర్చున్నాను. ఇప్పుడు నేను చెప్పేది తోటి టైలర్ల ముందు చెప్పుకోగలిగేది కాదు. నాకు పని నేర్పిన అక్క మొదటి రోజే ఒక మాట చెప్పింది: గుడ్డ కోసేటప్పుడు లోపల రెండు వేళ్ళ వెడల్పు గుడ్డ వదలాలి, మనిషి ఒళ్ళు మన మాట వినదు అని. నేను ఆ ఆకుపచ్చ గుడ్డని ఆది కంటే అంగుళమున్నర తక్కువకి కోశాను. లోపల ఒక్క వేలు కూడా వదల్లేదు. కుట్లు విప్పినా వదులు చేసుకోవడానికి ఏమీ లేకుండా కోశాను.

పైకి మాత్రం ముచ్చటగా కుట్టాను. మెడకి అదే గుడ్డతో పైపింగ్ వేశాను, చేతులకి చిన్న కుచ్చులు పెట్టాను. చూసినవాళ్ళెవరైనా అబ్బ అనాలి. తొడుక్కున్నప్పుడే తెలియాలి. మాణిక్యమ్మకి ఇచ్చి వస్తే, ఎంత బాగుందో అని అరుగు మీదున్నవాళ్ళందరికీ చూపించింది.

ఆ తర్వాత నెలరోజులు మా ఇంట్లో మాటల్లేవు. బావ డ్యూటీకి వెళ్ళేవాడు, వచ్చేవాడు, పెట్టింది తినేవాడు. నేను పాప గదిలో పడుకునేదాన్ని. అమ్మ దగ్గరికి వెళ్ళిపోదామని ఒకసారి బట్టలు కూడా సర్దుకున్నాను. ఏమని చెప్పుకోవాలి? మంచం మీద ఉన్న మొగుడు నాగులచవితి రోజు వేరే ఆడదానితో నవ్వాడని చెప్పుకోవాలా?

ఒక సాయంత్రం బావ డ్యూటీ నుంచి వచ్చి ఒక పొట్లం నా మిషను మీద పెట్టాడు. రెండు మూరల కనకాంబరాలు.

"ఇవెవరికి?" అన్నాను.

"నీకే. ఆ ఇంకోడికి పన్జేసింది కదా అని," అన్నాడు. ముఖం ఎర్రగా అయిపోయింది.

నాకు కనకాంబరాలు ఇష్టం ఉండవు, మల్లెలిష్టం. ఆ సంగతి పదిహేనేళ్ళలో నేనూ ఆయనకి చెప్పలేదు. ఆ పూలు దేవుడి పటానికి వేసి, వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను. బావ మీద జాలేసింది. అంతకంటే ఎక్కువగా ఆ ఆకుపచ్చ జాకెట్టు గుర్తొచ్చింది. ఆ వారమంతా ఏ గుడ్డ కోసినా లోపల మూడు వేళ్ళు వదిలాను.

ఆవిడ వచ్చేలోగా దాన్ని వెనక్కి తెచ్చేసుకోవాలని మాణిక్యమ్మ దగ్గరికి ఒక్కదాన్నే వెళ్ళాను. మిట్టమధ్యాహ్నం. అరుగు మీద భోజనాలు అయిపోయాయి.

"మొన్న లచ్చివారం వచ్చినారమ్మా ఇద్దరూ," అంది మాణిక్యమ్మ నన్ను చూడగానే.

ఆ గురువారం బావకి పగటి డ్యూటీ. క్యారేజీ నేనే కట్టి పంపాను.

"ఒకలితో ఒకలు మాటాడ్నేదు," అంది. "ఆడు ముందర, ఆయమ్మ ఎనక. జాకిట్టు తొడుక్కుంది, పట్టనేదు. కుట్లిప్పుకుందామని లోన సూసింది. గుడ్డే నేదు. అక్కడే కూకుని ఏడ్సింది."

నేను కుట్టానని చెప్పారా అని అడిగాను.

"సెప్పకేటి సేస్తాను? అడిగింది కదా. జాకిట్టు కోసం కాదమ్మా ఏడ్సింది. టీ కొట్టోడు సెప్పినాడంట, గాజులోడు సెప్పినాడంట. మీ ఆయన మొన్న ఎవులో ఆడమనిషితోటి తిరిగినాడు, నాలుగు రోజులు లాడ్జిలో ఉన్నాడు అని. ఆడేమో నాను రానేదు, మాయమ్మ మీద ఒట్టు అంటన్నాడు. ఆయమ్మ నమ్మనేదు. నన్నట్టుకుని అడిగింది, ఎవులది, ఎలాగుంటాది, ఆడు నవ్వినాడా దాంతోటి అని."

నేను అరుగు మీద కూర్చుండిపోయాను. మీరేం చెప్పారని అడిగాను.

"తెల్లగా, బొద్దుగా, సక్కగుంటాదని సెప్పినాను. పెళ్ళాన్నని అంది అని సెప్పినాను. మరి నువ్వు అలాగే అన్నావు కదా."

ఆ తర్వాత ఆవిడ ఇంక ఈ ఊళ్ళో అడుగు పెట్టనని ఒట్టేసుకుని వెళ్ళిపోయిందట. జాకెట్టు అక్కడే వదిలేసింది. ఎక్కడుంటారు, ఫోన్ నంబరు ఏమైనా ఉందా అని అడిగాను. మాణిక్యమ్మకి తెలియదు. ఆవిడ పేరు కూడా తెలియదు. సందులో వాళ్ళనీ, గాజులతన్నీ, పూలావిడనీ, టీ కొట్టతన్నీ అందర్నీ అడిగాను. అందరికీ ఆవిడ గుర్తుంది. ఎవరికీ పేరు తెలియదు.

ఇదంతా ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. పోలిక అనుకుందామంటే పేరూ గాటూ ఎలా కలుస్తాయి? అందరూ కలిసి ఆట పట్టించారనుకుందామంటే, అందులో ఒకరికొకరు పరిచయం లేనివాళ్ళు ఉన్నారు, మాతో వాళ్ళకేం పని? మావయ్యని అడిగాను, బావకి కవల ఎవరైనా ఉన్నారా అని. మతిపోయిందా అన్నాడు. ఆ పాత జాకెట్టు ఇప్పటికీ నా కొట్టులో అరలో ఉంది. ముట్టుకుంటే గుడ్డ, వాసన చూస్తే కొబ్బరినూనె. అంతకుమించి నేనేమీ చెప్పలేను.

బావకి అంతా చెప్పాను. విని, "ఆడు పాపం నిజమే సెప్పినాడు," అన్నాడు. నేను మళ్ళీ మా గదిలోకి వచ్చేశాను. రోజూ సాయంత్రం కాలు కోసం కాస్త దూరం నడుస్తున్నాం. పెద్దగా కబుర్లేమీ ఉండవు.

ఇది రాయడానికి కారణం ఒక్కటే. మాణిక్యమ్మ ద్వారా ఆవిడకి చెప్పించే దారి మూసుకుపోయింది. నువ్వు నాకు అక్కవవుతావో చెల్లెలివవుతావో తెలియదు. ఎక్కడున్నావో, అసలు ఉన్నావో లేదో కూడా తెలియదు. ఎక్కడైనా ఇది నీ కంట పడితే ఈ రెండు ముక్కలు నమ్ము. ఆ జాకెట్టు పట్టకపోవడం నీ ఒంటి తప్పు కాదు, నేను కావాలని కోశాను. మీ ఆయన నీకు అబద్ధం చెప్పలేదు. నాతో తిరిగింది మా బావ, ఆ నాలుగు రోజుల్లో ఆయన నాతో ఒక్కసారి కూడా నవ్వలేదు.